ఐఎస్‌డీఎన్ లైనుకు ఆటో స్టార్టర్ జబ్బు

నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో బోరు మోటరున్న రైతుకు ఆటో స్టార్టర్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని రోజుల్లో అర్ధరాత్రి పొలానికి పోయి స్విచ్ వేసే బాధ తప్పించుకోవడానికి పెట్టుకున్న డబ్బా అది. కరెంటు రాగానే మోటరు దానంతటదే తిరుగుతుంది, మడి నిండిందా, పైరుకు నీళ్లు కావాలా వద్దా అన్నది దానికి పట్టదు. 2018 జనవరిలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు ఈ డబ్బాలు తీసేయండని ప్రభుత్వమే రైతులను అడగాల్సి వచ్చింది, ఎందుకంటే కరెంటు పోకుండా ఉంటే బోర్లు ఆగకుండా పోస్తూనే ఉంటాయి, భూమిలో నీళ్లు అడుగంటుతాయి. బ్రాడ్‌బ్యాండ్ రాకముందు టెలిఫోన్ తీగ మీదే నెట్ ఇచ్చిన, 'ఎప్పుడూ ఆన్' అని పేరుపడ్డ ఐఎస్‌డీఎన్ లైన్లలో జరిగేది కూడా అచ్చం ఇదే. నెట్ స్లో, బిల్లు ఎక్కువ అనే రెండు ఫిర్యాదులకూ చాలాసార్లు కారణం లైను చిన్నదవడం కాదు. ఎవరూ అడగని ట్రాఫిక్ ఆ లైనును లేపుతూ ఉంటుంది, లేచాక పడుకోనివ్వదు.

ముందు లైను సంగతి. బేసిక్ రేట్ ఐఎస్‌డీఎన్ అంటే మామూలు టెలిఫోన్‌కు వచ్చే రాగి తీగల జత మీదే డిజిటల్‌గా నడిచే కనెక్షన్. దాంట్లో సెకనుకు 64 కిలోబిట్లు మోసే బీ చానెళ్లు (దారులు) రెండు, 16 కిలోబిట్ల డీ చానెల్ ఒకటి, మొత్తం 144. మాట అయినా డేటా అయినా పోయేది బీ చానెళ్ల మీద. కాల్ కలపడం, తెంచడం, అవతలి నంబరేంటో చెప్పడం లాంటి పెత్తనమంతా డీ చానెల్‌ది. డయలప్ మోడెం ఆ కీచుమనే చప్పుళ్లన్నీ చేసి కలిసేసరికి అర నిమిషం పట్టేది, ఇక్కడ ఒకటి రెండు సెకన్లలో కలుస్తుంది. 'ఎప్పుడూ ఆన్' అనే మాటకు ఆధారం ఈ తేడానే. లైను 24 గంటలూ కలిసే ఉండాల్సిన పని లేదు, అడిగిన వెంటనే కలిస్తే కుర్చీలో కూర్చున్న మనిషికి తేడా తెలియదు.

ఇది అందరికీ దొరికిన సరుకు కూడా కాదు. పల్లెల్లోని చిన్న ఎక్స్ఛేంజీల్లో ఐఎస్‌డీఎన్ ఊసే ఉండేది కాదు, పట్టణంలో ఉన్నా ఎక్స్ఛేంజీ నుంచి తీగ పొడవు ఐదున్నర కిలోమీటర్లు దాటితే కష్టమే. ఎక్కువగా వాడింది బ్యాంకులు, కంపెనీల బ్రాంచీలు, అదీ తరచుగా లీజు లైనుకు, అంటే అద్దెకు తీసుకుని ఎప్పుడూ కలిసే ఉంచే సొంత లైనుకు, బ్యాకప్‌గా. రోడ్డు పనికొచ్చిన జేసీబీ కేబుల్ తెంపిన రోజు బ్రాంచి మొత్తం రెండు బీ చానెళ్లూ కలిపిన ఈ 128 కిలోబిట్ల మీదే బతికేది. 128 అంటే సెకనుకు 16 కిలోబైట్లు. ఇవాళ ఫోన్‌లో తీసిన ఒక్క ఫొటో పంపడానికి ఆ లైను మూడు నాలుగు నిమిషాలు తీసుకుంటుంది.

'ఎప్పుడూ ఆన్' అనిపించడానికి రెండు దారులు. ఒకటి నిజంగానే ఆన్‌లో ఉండేది. డీ చానెల్‌కు కాల్స్ కలిపే పని రోజంతా ఉండదు, ఖాళీగా ఉన్న ఆ సన్నదారి మీద ఎక్స్.25 అనే పాత పద్ధతిలో 9.6 కిలోబిట్ల వేగంతో ప్యాకెట్లు, అంటే డేటాను చిన్న మూటలుగా కట్టి, పంపుతారు. కొత్త మెయిల్ వచ్చిందన్న కబురు, చిన్న చిన్న ప్రశ్నలు జవాబులు దాని మీదే నడుస్తాయి, బీ చానెల్ కాల్ ఒక్కటి కూడా లేకుండా. పెద్ద ఫైలు వస్తే అప్పుడు ఒక బీ, చాలకపోతే రెండోది లేస్తాయి, పని అయ్యాక పడిపోతాయి. 1990ల చివర్లో అమెరికాలో ఐఎస్‌డీఎన్ పరికరాల కంపెనీలు కలిసి ముందుకు తెచ్చిన ఏవో-డీఐ (ఆల్వేస్ ఆన్/డైనమిక్ ఐఎస్‌డీఎన్) పద్ధతి ఇది. వాన పడ్డా పడకపోయినా పిల్లకాలువలో కాస్త నీళ్లు పారుతూ ఉండి, నాట్ల సమయానికి మాత్రమే పెద్ద తూము లేపినట్టు. నిజానికి ఐఎస్‌డీఎన్ మీద వచ్చిన ఆలోచనల్లో తెలివైనది ఇదే, కానీ దీనికి ఎక్స్ఛేంజీ, అవతలి ఇంటర్నెట్ సర్వీసు, ఇవతలి రూటరు మూడూ ఒప్పుకోవాలి. మూడూ ఒక్కచోట కుదరడమే కష్టం.

అందుకే రెండో దారే ఎక్కువ నడిచింది. డీ చానెల్ మీద డేటా ఏమీ పోదు, రూటరే లోపలి నుంచి వచ్చే ప్యాకెట్లను చూస్తూ ఉంటుంది, బయటికి పోవాల్సింది ఒకటి రాగానే కాల్ చేస్తుంది, కొంతసేపు ఏమీ రాకపోతే తెంపేస్తుంది. దీన్నే డయల్ ఆన్ డిమాండ్ అంటారు. ఆటో స్టార్టర్ అంటే ఇదే. డిమాండ్ ఎవరిదో దానికి తెలియదు, మేనేజరు అకౌంటు తెరిచినా, మూలన ఉన్న కంప్యూటరు తన పేరు తానే అరుచుకున్నా దానికి ఒకటే.

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఆఫీసు అనుకుందాం. నాలుగు కంప్యూటర్లు, గోడ మీద టెలిఫోన్ వాళ్లు బిగించిన, బయటి తీగ వచ్చి చేరే ఎన్‌టీ1 డబ్బా, దాని కింద స్టూలు మీద రూటరు, ఊక దుమ్ము పడకుండా పైన ఒక గుడ్డ. రాత్రి తొమ్మిదికి షట్టర్ వేశారు, కంప్యూటర్లు మాత్రం ఆఫ్ చేయలేదు. పది నిమిషాలకోసారి రూటరు మీద మొదటి బీ చానెల్ దీపం వెలుగుతుంది, కాసేపు మిణుకుమంటుంది, ఆరిపోతుంది. ఎవరో మెయిల్ సాఫ్ట్‌వేర్‌ను పది నిమిషాలకోసారి చూడమని పెట్టి ఇంటికి పోయారు, అంతే. రోజుకు 144 కాల్స్. లోకల్ కాల్‌కు మూడు నిమిషాల పల్స్ (డబ్బు లెక్కగట్టే కాలం), పల్స్‌కు రూపాయి ఇరవై పైసలన్న అప్పటి లెక్కన చూస్తే నెలకు 4,320 పల్స్‌లు, 5,184 రూపాయలు. వచ్చిన మెయిల్ సున్నా. మెయిల్ చూడటాన్ని ఒక్క నిమిషానికి మార్చారనుకోండి, లైను అసలు పడుకోదు, అప్పుడు నెలకు 14,400 పల్స్‌లు, 17,280 రూపాయలు. రెండో బీ చానెల్ కూడా లేస్తే దానిది వేరే కాల్, వేరే మీటరు.

పల్స్‌ల సంగతిలోనే ఇంకో తిరకాసు ఉంది. చాలా రూటర్లలో ఖాళీ గడువు 120 సెకన్లు అని ముందే పెట్టి ఉంటుంది, అంటే రెండు నిమిషాలు పనికొచ్చే ప్యాకెట్ ఏదీ పోకపోతే తెంపేస్తుంది. సెకన్ల లెక్కన డబ్బు తీసుకునే దేశంలో అది సరే. మూడు నిమిషాల పల్స్ ఉన్నచోట మాత్రం రెండు నిమిషాల ఐదు సెకన్లకు తెంపితే మిగతా 55 సెకన్లు చేతులారా వదిలేసినట్టే, ఎందుకంటే డబ్బు ఎలాగూ పూర్తి పల్స్‌కు పడింది. తెంపిన పది సెకన్లకే ఇంకొకరు పేజీ తెరిస్తే మళ్లీ కాల్, మళ్లీ పల్స్. కాబట్టి గడువును పల్స్ చూసి పెట్టాలి, రూటరుతో వచ్చిన పుస్తకం చూసి కాదు. పగలు పనిచేసే వేళల్లో 170 సెకన్ల దగ్గర పెట్టడం ఒక పద్ధతి. రాత్రికి అదే అంకె తప్పు, రాత్రి లేచిన కాల్ దాదాపు ఎప్పుడూ ఎవరికీ అవసరం లేనిదే.

మరి ఆ కాల్స్ ఎవరివి? విండోస్ కంప్యూటర్లు తమ పేర్లను చుట్టూ చాటుకుంటూ ఉంటాయి, 137, 138 పోర్టుల (ఒక్కో పనికి ఒక్కో నంబరున్న తలుపుల) మీద. అది ఆఫీసు లోపలే ఆగితే పర్లేదు, కానీ పేరు దొరక్కపోతే పేరుకు అడ్రసు చెప్పే బయటి డీఎన్ఎస్‌ను అడగమని పెట్టి ఉంటే ప్రతి అరుపూ ఒక కాల్. రెండు ఆఫీసుల మధ్య రూటింగ్ కోసం, అంటే రూటర్లు దారులు ఒకదానికొకటి చెప్పుకోవడానికి, రిప్ అనే పద్ధతి పెట్టుకుంటే అది ప్రతి 30 సెకన్లకూ తన పట్టిక మొత్తం పంపుతుంది, ఓఎస్‌పీఎఫ్ అనే ఇంకో పద్ధతి అయితే ప్రతి 10 సెకన్లకూ 'ఉన్నావా' అని పలకరిస్తుంది. లీజు లైను మీద ఈ మర్యాదలు బాగానే ఉంటాయి, మీటరున్న లైను మీద మాత్రం ప్రతి పలకరింపుకూ డబ్బు కట్టాలి. ఈ బాధ తెలిసే 1995లో ఓఎస్‌పీఎఫ్‌కు 'డిమాండ్ సర్క్యూట్' అనే సవరణ తెచ్చారు, మార్పు ఉంటేనే మాట్లాడు, లేకుంటే ఊరుకో అని. చిన్న ఆఫీసుకు అది కూడా అక్కర్లేదు, దారి ఒక్కటే అయినప్పుడు దాన్ని చేత్తో రాసిపెడితే సరిపోతుంది.

2003 ఆగస్టులో బ్లాస్టర్ పురుగు, అంటే వైరస్‌లా కంప్యూటర్లకు అంటుకునే ప్రోగ్రాం, వచ్చినప్పుడు ఈ జబ్బు అసలు రూపం బయటపడింది. అంటుకున్న కంప్యూటరు ఏవో అడ్రసులు ఊహించుకుని 135 పోర్టు తట్టుకుంటూ పోయేది, ఆగేది కాదు. ప్రతి తట్టూ బయటికి పోవాల్సిన ప్యాకెట్టే కాబట్టి రూటరు కాల్ చేసింది, ప్యాకెట్లు ఆగవు కాబట్టి కాల్ తెగలేదు, లోడు ఎక్కువగా కనిపించింది కాబట్టి రెండో బీ కూడా లేపింది. రూటరు తప్పేం లేదు, దానికి చెప్పిన పనే చేసింది.

దొంగను పట్టుకోవడానికి పెద్ద సాఫ్ట్‌వేర్లు కొననవసరం లేదు. రూటరు లాగ్‌లో ఏ కాల్ ఏ ప్యాకెట్ వల్ల లేచిందో రాసి ఉంటుంది, పంపినవాడి అడ్రసు, అవతలి అడ్రసు, పోర్టు. ఒక్క రాత్రి లాగ్ చదివితే చాలామటుకు ముగ్గురు నలుగురే తేలతారు. లాగ్ చదవడం రాదంటే అంతకన్నా నాటు పద్ధతి ఉంది. షట్టర్ వేశాక ఒక్కో కంప్యూటర్ నెట్‌వర్క్ కేబుల్ పీకి పావుగంట దీపం చూడటం. మూడో కేబుల్ పీకగానే దీపం వెలగడం ఆగిపోయిందంటే ఆ మూడోదే.

ఆ తర్వాత చేయాల్సిన పనిని చాలామంది సగమే అర్థం చేసుకుంటారు. రూటరుకు ఒక జాబితా ఇస్తాం, ఈ ట్రాఫిక్ వస్తేనే కాల్ చెయ్యి, ఇది వస్తే చెయ్యకు అని. చెయ్యకు అన్నదాన్ని రూటరు ఆపేస్తుందనుకుంటారు. లైను పడుకుని ఉంటే నిజమే, ఆ ప్యాకెట్‌ను పారేస్తుంది. కానీ వేరేవాళ్ల కోసం లైను అప్పటికే లేచి ఉంటే అది కూడా ఎక్కి పోతుంది. తూము తెరవమని అడిగే హక్కు లేదు గానీ, తెరిచాక మాత్రం తన మడికీ నీళ్లు మలుపుకుంటుంది. లైను లేపే హక్కు వేరు, లైను మీద పోయే హక్కు వేరు, రెండింటికీ రెండు జాబితాలు రాయాలి. పేర్లు చాటుకునే ట్రాఫిక్‌కు రెండూ ఇవ్వకూడదు. గడియారం సరిచేసుకునే ఎన్‌టీపీకి మొదటిది వద్దు, రెండోది ఇస్తే నష్టం లేదు. మెయిల్‌కు పగలు రెండూ ఇవ్వొచ్చు, రాత్రి ఏదీ వద్దు. ఆ రెండో జాబితా రాయకపోతే పగటి వేళ చెత్త ట్రాఫిక్ నిజమైన పని భుజం మీద ఎక్కి ఊరేగుతుంది, నెట్ స్లో అని అందరూ తిట్టుకుంటారు.

స్లో అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే ఇక్కడ జరిగేది కంటికి కనిపించదు. పెద్ద ఫైల్ డౌన్‌లోడ్‌లో ఒక్కో ప్యాకెట్ 1500 బైట్లు. 64 కిలోబిట్ల మీద అది దాటడానికి 187 మిల్లీ సెకన్ల పైనే పడుతుంది. రూటరు గుమ్మం దగ్గర క్యూలో 40 ప్యాకెట్లకు చోటుందనుకుంటే, ఆ 40 నిండాక వచ్చినవాడు ఏడున్నర సెకన్లు నిలబడాలి. ఇప్పుడు మిల్లు ఆఫీసు క్లర్కు హైదరాబాద్ సర్వర్‌లో లారీ నంబరు కొడుతున్నాడు. ఒక్క అక్షరం, అడ్రసులు రాసి ఉండే 40 బైట్ల హెడర్‌తో కలిపి 41 బైట్లు, ఐదు మిల్లీ సెకన్ల పని. పక్క బల్ల మీద నుంచి ఎవరో పెద్ద అటాచ్‌మెంట్ పంపుతుంటే ఆ అక్షరం 40 లారీల వెనక నిలబడ్డ సైకిల్. కొట్టినా తెర మీద రాదు, మళ్లీ కొడతాడు, ఏడు సెకన్ల తర్వాత రెండూ వస్తాయి. లైను పాడైందని ఎక్స్ఛేంజీకి ఫోన్ చేస్తారు. లైన్‌మన్ వచ్చి చూస్తే లైను బ్రహ్మాండంగా ఉంటుంది.

దీనికి మందు వంతు. సాగర్ ఎడమ కాలువ కింద నీళ్లు తక్కువున్న ఏడాది ఆన్ అండ్ ఆఫ్ పద్ధతిలో వదులుతారు, లేకపోతే పైవాళ్ల మడులు నిండేదాకా చివరి ఆయకట్టుకు చుక్క రాదు. రూటర్లలో దీన్ని ఫెయిర్ క్యూయింగ్ అంటారు, ఒక్కో సంభాషణకు ఒక్కో వరుస కట్టి వంతులవారీగా ఒక్కోటి పంపడం. అప్పుడు ఆ అక్షరం 40 వెనక కాకుండా ఒకటి రెండు ప్యాకెట్ల వెనకే ఉంటుంది. తక్కువ వేగం లైన్లలో కొన్ని రూటర్లు దీన్ని వాటంతటవే పెట్టుకుంటాయి, వేగం కోసమని ఎవరో సలహా ఇస్తే తీసేసినవాళ్లూ ఉన్నారు, అది మాత్రం శుద్ధ తెలివితక్కువ పని. ఫోన్ మాట కూడా ప్యాకెట్లుగా ఇదే లైను మీద పోవాలంటే వంతు ఒక్కటే చాలదు. ముందున్న ఒక్క 1500 బైట్ల లారీకే 187 మిల్లీ సెకన్లు కాబట్టి, చానెళ్లను ఒక కట్టగా నడిపే మల్టీలింక్ పీపీపీలో దాన్ని 80 బైట్ల ముక్కలుగా కోసి, ముక్కకూ ముక్కకూ మధ్య మాటల ప్యాకెట్లను దూర్చాలి. ఒక్కో ముక్కకు పది మిల్లీ సెకన్లే కాబట్టి మాట తెగదు.

రెండో బీ చానెల్‌ను ఎప్పుడు లేపాలన్నది డబ్బుకు, ఓపికకు మధ్య బేరం. రూటరులో ఒక హద్దు ఉంటుంది, 255లో ఇంత అని. 128 పెడితే మొదటి చానెల్ సగం నిండగానే రెండోది లేస్తుంది. అయితే ఆ లోడు ఈ క్షణానిది కాదు, చాలా రూటర్లలో ఐదు నిమిషాల సగటు. ఫైలు మొదలైన వెంటనే రెండోది లేవదు, లేచేసరికి ఫైలు సగం అయిపోతుంది, ఫైలు అయిపోయాక కూడా సగటు తగ్గేదాకా రెండోది నిలబడే ఉంటుంది. సగటును 30 సెకన్లకు తగ్గిస్తే చురుగ్గా లేస్తుంది కానీ ఊరికూరికే లేచి పడుతూ పల్స్‌లు తింటుంది. బిల్లు కట్టే ఆఫీసుకైతే హద్దును 200 దగ్గర పెట్టి, సగటును ఒక నిమిషం చెయ్యడం నయం.

ఇంకో చిక్కు, రెండు వైపులా రూటర్లే కాబట్టి రెండూ ఒకేసారి రెండో కాల్ చెయ్యబోయి ఒకదానికొకటి బిజీ తగలొచ్చు, ఒకటి తెంపితే ఇంకోటి లేపొచ్చు. ఈ గొడవ తీర్చడానికి 1997లో బీఏసీపీ అనే ఒప్పందం వచ్చింది. చానెల్ పెంచాలన్నా దించాలన్నా ముందు అవతలివాడిని అడగాలి, ఒప్పుకుంటే ఏ నంబరుకు చెయ్యాలో వాడే చెబుతాడు, ఇద్దరూ ఒకేసారి అడిగితే ఎవరి మాట నెగ్గాలో ముందే తేల్చుకుని ఉంటారు. ఏవో-డీఐ కూడా దీని మీదే నిలబడింది.

డబ్బులు పోయి గుణం రాని సందర్భం కూడా ఒకటుంది. ఇంటర్నెట్ సర్వీసు దగ్గర కాల్స్ ఎత్తే పెట్టెలు నాలుగైదు ఉంటాయి, నంబరు మాత్రం ఒకటే. మొదటి కాల్ ఒక పెట్టెలో, రెండో కాల్ ఇంకో పెట్టెలో పడితే, ఆ పెట్టెలు తమలో తాము మాట్లాడుకునేలా పెట్టకపోతే, రెండు చానెళ్లూ ఒక కట్టగా కలవవు. రెండు దీపాలూ వెలుగుతాయి, రెండు మీటర్లూ తిరుగుతాయి, వేగం 64 దగ్గరే ఉంటుంది. ఇవతల ఎన్ని సెట్టింగులు మార్చినా అది కుదరదు, అవతలివాళ్లే సరిచేయాలి. రెండు దీపాలు వెలిగి ఫైలు సెకనుకు ఏడెనిమిది కిలోబైట్ల దగ్గరే పాకుతుంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

కంప్రెషన్ గురించి పెద్దగా ఆశ పెట్టుకోకూడదు. అకౌంట్ల టెక్స్ట్ బాగా కుదించుకుంటుంది, ఫొటోలు, జిప్ ఫైళ్లు ముందే కుదిరినవి, వాటి మీద రూటరు ప్రాసెసరు చెమటోడ్చడం దండగ. అక్షరాలు కొట్టే పనికి మాత్రం హెడర్ కంప్రెషన్ పెట్టాలి, 40 బైట్ల హెడర్‌ను నాలుగైదుకు తెస్తుంది, 1990 నుంచీ ఉన్న కిటుకే. అంతకన్నా ఎక్కువ లాభం ఒకే సరుకును నాలుగుసార్లు మోయకపోవడంలో ఉంది. 2004లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2 పూర్తి ప్యాకేజీ 266 మెగాబైట్లు, రెండు చానెళ్ల మీద ఒక్కసారి దించడానికే ఐదు గంటలకు దగ్గర. నాలుగు కంప్యూటర్లూ ఎవరికి వారు దించుకుంటే ఒక రోజు దాదాపు పోయినట్టే. హైదరాబాద్ నుంచి వచ్చే మనిషి చేతికి సీడీ ఇచ్చి పంపితే అమీర్‌పేట నుంచి మిర్యాలగూడకు బస్సులో నాలుగు గంటల్లో చేరుతుంది, వేగమూ ఎక్కువే, టికెట్టూ చవకే.

256 కిలోబిట్లుంటేనే బ్రాడ్‌బ్యాండ్ అని 2004 విధానంలో రాశాక, 2005 నుంచి పట్టణాల్లో అదే రాగి తీగ మీద డీఎస్ఎల్ అనే బ్రాడ్‌బ్యాండ్ వచ్చాక, కొత్తగా ఐఎస్‌డీఎన్ అడిగేవాళ్లు తగ్గారు. బ్యాకప్ పని ఇప్పుడు 4జీ డాంగిల్‌ది. ఫైబర్ తెగిన రోజు అచ్చంపేటలోనో దేవరకొండలోనో ఆఫీసు రూటరు దానంతటదే సిమ్ మీదికి మారుతుంది, ఎవరికీ తెలియదు కూడా. తెలియకపోవడం వల్లే సాయంత్రానికి రోజు డేటా అయిపోయిందన్న మెసేజ్ వస్తుంది, చూస్తే విండోస్ అప్‌డేట్లు, ఫొటోల బ్యాకప్, సీసీ కెమెరా క్లౌడ్‌కు పంపిన వీడియో. రిసెప్షన్‌లో బిల్లు కొట్టే కంప్యూటరు వాడింది అందులో ఏ మూలకూ రాదు. విండోస్‌లో ఆ కనెక్షన్ పేరు పక్కన 'మీటర్డ్' అనే స్విచ్ ఒకటుంది, వేస్తే చాలా అప్‌డేట్లు ఆగుతాయి. కెమెరా డబ్బాకు ఆ స్విచ్ ఉండదు, దాన్ని రూటరులోనే ఆపాలి, సిమ్ మీద ఉన్నంతసేపూ.